బ్యాటరీ షాపులో సీసం పని చేస్తా, వీర్యం కౌంట్ తక్కువొచ్చింది, రెండిటికీ లింకుందా? పుట్టే పిల్లలకి ఏమైనా అవుతుందా?

గాజువాక బుల్లోడు:

నమస్తే అందరికీ. మా వాళ్ళెవరైనా చూస్తారేమోనని కొత్త ఐడీతో రాస్తున్నా, పేరు అడక్కండి. నాకు 32, పెళ్ళై నాలుగేళ్ళు దాటింది, పిల్లల్లేరు. ఇన్నాళ్ళూ మా ఆవిడనే హాస్పిటళ్ళ చుట్టూ తిప్పాం, స్కానింగులు, థైరాయిడ్, ట్యూబుల టెస్టు, ఆఖరికి సింహాచలం వెళ్ళి కప్పస్తంభం కూడా కౌగిలించుకుని వచ్చింది, టెస్టులన్నీ నార్మలే, అయినా మా అమ్మ తననే అంటది. మొన్న డాక్టర్ని మార్చాం, ఆవిడ ఫైలంతా తిరగేసి "ఇందులో మీ ఆయన రిపోర్టు ఒక్కటీ లేదేంటమ్మా" అంది. అప్పుడిచ్చా వీర్యం టెస్ట్. కౌంట్ 9 మిలియన్లు, కదలిక మొత్తం కలిపి 24 శాతం, షేపు బాగున్నవి 2 శాతం. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి తప్ప.

ఇప్పుడు అసలు డౌటు. నేను ఆటోనగర్ వైపు బ్యాటరీ రిపేర్ షాపులో చేస్తా. హుద్‌హుద్ తుఫాను తర్వాత కరెంటు లేక జనం ఇన్వర్టర్ల కోసం ఎగబడ్డారు కదా, ఆ గిరాకీలో చేరా, అప్పట్నించీ ఇదే పని. పాత బ్యాటరీ కొయ్యడం, ప్లేట్లు లాగడం, పాత సీసం కరిగించి టెర్మినల్స్ పొయ్యడం, ప్లేట్లకి గ్యాస్ మంటతో టాకాలెయ్యడం. షెడ్డు వెనక పొయ్యి ఉంటది, ఒక ఫ్యాన్ ఉంది గానీ అది గాలి మా మొహం మీదకే కొడతది. మాస్కంటే కర్చీఫే. క్యారేజీ అక్కడే విప్పుకుని తింటాం, టీ అక్కడే. ఈమధ్య కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, మోషన్ సరిగ్గా అవ్వదు, గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుంటున్నా.

డాక్టరమ్మ ఏం పని చేస్తావని అడగలేదు, నేనూ చెప్పలేదు. సీసం వల్ల ఇలాగ అవుతుందని ఫోన్లో ఎక్కడో చదివా, అప్పట్నించీ నిద్ర పట్టట్లేదు. నిజమేనా? పని మానేస్తే మళ్ళీ పెరుగుద్దా? ఒకవేళ కడుపొస్తే పుట్టే పిల్లకి బుర్రకి ఏమైనా అవుద్దా? ఇదంతా తెలిసినోళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్. పని మానెయ్యమని ఒక్క ముక్కలో చెప్పొద్దు, ఇల్లు గడవాలి.

కంచరపాలెం కుర్రోడు:

బ్రో లైట్ తీస్కో. మా పెదనాన్న ప్రింటింగ్ ప్రెస్‌లో సీసం అచ్చులు పేర్చుకుంటా బతికాడు జీవితాంతం, ఐదుగురు పిల్లలు, అందరూ బానే ఉన్నారు, ఒకడు అమెరికాలో ఉన్నాడు. నెట్‌లో చదివితే జలుబుకి కూడా కేన్సర్ అని వస్తది. జింక్ మాత్రలు వాడు, బిగుతు జీన్సులు మానెయ్, బండి ఎక్కువ తోలకు, అశ్వగంధ పాలల్లో వేసుకు తాగు. మూడు నెల్లలో కౌంట్ అదే వస్తది.

ల్యాబ్ అక్క:

తమ్ముడూ, నేను ల్యాబ్ టెక్నీషియన్ని, డాక్టర్ని కాదు, అది ముందే చెప్తున్నా. కానీ వీర్యం శాంపిళ్ళు రోజూ చూసేదాన్ని, ఈ సీసం గొడవ గురించి చాలా చదివాను, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తా ఓపిగ్గా చదువు.

కంచరపాలెం తమ్ముడు చెప్పిన పెదనాన్న కథలాంటివి ప్రతి ఇంట్లో ఒకటుంటాయి. సీసం పని చేసిన ప్రతి వాడికీ పిల్లలు పుట్టరని ఎవరూ అనట్లేదు. ఒంట్లో ఎంత చేరింది అన్నదాన్ని బట్టి ఉంటుంది, అచ్చులు చేత్తో పట్టుకోవడం వేరు, కరిగించి ఆ పొగ పీల్చడం, పొడి దులపడం వేరు. నువ్వు చేసేది రెండో రకం.

ముందు రిపోర్టు సంగతి. డబ్ల్యూహెచ్‌ఓ 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం మిల్లీలీటర్‌కి 16 మిలియన్లు, కదలిక 42 శాతం, షేపు 4 శాతం కింది గీతలు. నీవి మూడూ కిందే ఉన్నాయి, నిజమే. కానీ ఒక్క టెస్టుతో ఎవరూ తేల్చరు. రెండు నుంచి ఏడు రోజులు గ్యాప్ ఇచ్చి శాంపిల్ ఇచ్చావా? గడిచిన మూడు నెలల్లో డెంగీయో వైరల్ జ్వరమో వచ్చిందా? వస్తే కౌంట్ పడిపోతుంది. కొన్ని వారాలాగి ఇంకోసారి ఇవ్వు. ఇంకోటి, వెరికోసిల్ ఉందేమో యూరాలజిస్ట్‌కి చూపించుకో, వృషణాల దగ్గర నరాలు ఉబ్బడం అన్నమాట, మామూలు మగాళ్ళలోనే నూటికి 15 మందిలో ఉంటుంది, పిల్లలు లేరని వచ్చేవాళ్ళలో ఇంకా ఎక్కువ. అది ఉంటే దాని దారి వేరే. అన్నీ సీసం నెత్తిన రుద్దేసి అసలుది వదిలెయ్యకూడదు కదా.

ఇప్పుడు సీసం. లింకుందా అంటే ఉంది, ఇది నెట్ పుకారు కాదు, దశాబ్దాల నుంచి ఫ్యాక్టరీ పనివాళ్ళ మీద చూసిన విషయం. రక్తంలో సీసం డెసిలీటర్‌కి 40 మైక్రోగ్రాములు దాటినవాళ్ళలో కౌంట్ తగ్గడం, కదలిక తగ్గడం బాగా కనిపించింది. రెండు వైపుల నుంచి కొడుతుంది అది. ఒకటి మెదడు నుంచి వృషణాలకి వచ్చే హార్మోన్ల సిగ్నల్ని గందరగోళం చేస్తుంది, రెండు అక్కడ తయారవుతున్న కణాల్నే పాడుచేస్తుంది. స్పెర్మ్ తలలో డీఎన్ఏ గట్టిగా చుట్టుకుని ఉండాలి, ఆ చుట్టుడికి జింక్ కావాలి, సీసం వచ్చి ఆ జింక్ సీట్లో కూర్చుంటుంది, చుట్టుడు వదులవుతుంది. అందుకే కౌంట్ బానే ఉన్నా డీఎన్ఏ దెబ్బతిని ఉండొచ్చు.

అలాగని పైనుంచి జింక్ మాత్రలు మింగితే సరిపోతుందా అంటే అదీ లేదు. జింక్, ఫోలిక్ యాసిడ్ ఇచ్చి రెండు వేలకి పైగా జంటల మీద అమెరికాలో పెద్ద ట్రయల్ చేశారు, 2020లో వచ్చింది రిజల్టు, వీర్యమూ మెరుగవ్వలేదు, పిల్లలు పుట్టడమూ పెరగలేదు. మెడికల్ షాపువాడికి మాత్రం బేరం.

నువ్వు చెయ్యాల్సింది ఒకటే ఇప్పుడు: బ్లడ్ లెడ్ టెస్ట్. నరం నుంచి తీసిన రక్తం, లోహాలు లేని స్పెషల్ ట్యూబులో తియ్యాలి, మామూలు ట్యూబులో తీస్తే లెక్క తప్పుతుంది. వైజాగ్‌లో పెద్ద ల్యాబ్‌లు శాంపిల్ తీసి బయటికి పంపిస్తాయి, కొన్ని రోజులు పడుతుంది. జుట్టు టెస్ట్, గోళ్ళ టెస్ట్ అని ఎవడైనా అంటే డబ్బులు పెట్టకు, నీ జుట్టు మీద షాపు దుమ్మే ఉంటుంది, ఏం కొలుస్తాడు వాడు. ఆ కడుపునొప్పి, మలబద్ధకం కూడా డాక్టర్‌కి చెప్పు, పని ఏంటో కూడా చెప్పు, సీసం ఎక్కువైనప్పుడు సరిగ్గా ఇలాంటి నొప్పే వస్తుంది, గ్యాస్ అనుకుని ఏళ్ళు గడిపేసేవాళ్ళు ఉన్నారు. హిమోగ్లోబిన్ కూడా చూపించుకో.

మానేస్తే పెరుగుద్దా అన్నావు. కొత్త స్పెర్మ్ తయారవ్వడానికి 74 రోజుల దాకా పడుతుంది, ఆ తర్వాత బయటికి రావడానికి ఇంకో పదిపన్నెండు రోజులు, అంటే మూడు నెలల లెక్క. సీసం ఆగితే చాలామందికి మెరుగవుతుంది. చిక్కేంటంటే రక్తంలో సీసం నెల రోజుల్లో సగమవుతుంది గానీ ఎముకల్లోకి వెళ్ళింది పదేళ్ళు, ముప్పై ఏళ్ళు ఉంటుంది, అక్కడి నుంచి మెల్లగా రక్తంలోకి దిగుతూనే ఉంటుంది. నీది ఏళ్ళ పని కాబట్టి వెంటనే అద్భుతం జరగదు, కానీ దిగుతుంది.

ఇంట్లో ఎవరైనా చిన్నపిల్లలు ఉన్నారా? ఇంకా ఏమైనా మందులు, పొడులు వాడుతున్నావా? ఈ రెండూ చెప్పు.

సింధియా వెల్డర్:

అక్కా మంచిగా చెప్పావు. నాది షిప్పుల్లో వెల్డింగ్ పని, కాంట్రాక్ట్ మీద. మా వాళ్ళల్లో కూడా ఈ మాట నడుస్తది, ట్యాంకు లోపల దిగి వెల్డింగ్ చేసేవాళ్ళకి పిల్లలు లేటు అని. అది వేడి వల్లా పొగ వల్లా? స్టెయిన్‌లెస్ చేసేటప్పుడు గొంతులో తియ్యగా వస్తది పొగ.

ల్యాబ్ అక్క:

రెండూ ఉండొచ్చు అన్నా. వృషణాలు ఒంటి వేడి కన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలి, అందుకే బయట ఉన్నాయి, మూసేసిన ట్యాంకులో ఎండాకాలం పని చేస్తే ఆ చల్లదనం ఎక్కడిది. పొగ సంగతికొస్తే, డెన్మార్క్‌లో 1990లో వెల్డర్ల మీద చేసిన స్టడీలో మామూలు ఇనుము చేసేవాళ్ళకి, స్టెయిన్‌లెస్ చేసేవాళ్ళకి ఇద్దరికీ వీర్యం క్వాలిటీ తగ్గిందని వచ్చింది. తర్వాత వచ్చిన వాటిల్లో అంత గట్టిగా కనపడలేదు, కాబట్టి సీసం అంత తేటతెల్లం కాదిది. కానీ స్టెయిన్‌లెస్ పొగలో ఉండే హెక్సావాలెంట్ క్రోమియం అనే లోహం రకం ఊపిరితిత్తుల కేన్సర్‌కి కారణమని తేలిపోయింది, ఆ ఒక్కటి చాలు పొగ లాగే ఫ్యాన్ అడగడానికి. ఇంకోటి, సిల్వర్ బ్రేజింగ్ రాడ్‌లో కాడ్మియం అనే లోహం ఉంటే అది వృషణాలకి బాగా చెడ్డది, కాడ్మియం లేని రాడ్లు దొరుకుతాయి, ప్యాకెట్ మీద చూసుకో. సిగరెట్, బీడీ తాగినా కాడ్మియం లోపలికి వెళ్తుంది, పొగాకు మొక్క మట్టిలోంచి దాన్ని బాగా లాగుతుంది. వెల్డింగ్ పొగ గురించి భయపడుతూ చేతిలో బీడీ పట్టుకునేవాళ్ళని చూశా, అందుకే చెప్తున్నా.

గాజువాక బుల్లోడు:

అక్కా థ్యాంక్స్, రెండుసార్లు చదివా. ఇంట్లో మా అన్నయ్య కూతురుంది, ఇంకా రెండేళ్ళు నిండలేదు, నేనంటే ప్రాణం, షాపు నుంచి రాగానే ఎగిరి మీదకొచ్చేస్తది, చొక్కా జేబులో చెయ్యి పెట్టి చాక్లెట్ వెతుకుద్ది. చొక్కా లుంగీ అన్నీ ఇంట్లో బట్టలతో కలిపే నానబెడతారు. మందులంటే మా అమ్మ ఊళ్ళో ఒక వైద్యుడి దగ్గర్నించి పొడి తెప్పించింది, మగతనానికి బలం అన్నాడంట, బూడిద రంగులో ఉంటది, తేనెలో కలిపి తింటున్నా. అది ఆపాలా?

ల్యాబ్ అక్క:

ఆపు. ఈ రోజే. పారెయ్యకుండా పొట్లం దాచు, డాక్టర్‌కి చూపించు.

ఆయుర్వేదం మొత్తాన్ని తిట్టట్లేదు నేను, మా ఇంట్లోనే శొంఠి కషాయం లేనిదే జలుబు తగ్గదు. కానీ భస్మాలు వేరే లెక్క. నాగ భస్మం అంటేనే సీసం. రస సిందూరంలో పాదరసం ఉంటుంది. 2004లో అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల షాపుల్లో అమ్మే ఆయుర్వేద మందులు 70 టెస్ట్ చేస్తే 14 వాటిల్లో సీసమో పాదరసమో ఆర్సెనికో దొరికింది, అవన్నీ మన దేశం నుంచీ చుట్టుపక్కల దేశాల నుంచీ వెళ్ళినవే. లేబుల్ లేని పొట్లంలో ఏముందో ఆ వైద్యుడికే తెలియాలి. సీసం పని చేసేవాడు సీసం తగ్గించుకోవాల్సింది పోయి తేనెలో కలిపి నాకడం ఏంటి తమ్ముడూ.

పాప విషయం మాత్రం నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపిస్తోంది. పాపకి కూడా టెస్ట్ చేయించండి, మీ ఆవిడకి కూడా.

పెదగంట్యాడ కోడలు:

నేను మామూలుగా చదివి ఊరుకుంటా, ఇది చూసి రాయకుండా ఉండలేకపోయా. మా ఆయన కూడా వేరే ఊళ్ళో బ్యాటరీల పని చేసేవారు. మా బాబుకి రక్తం తక్కువుందని ఎన్ని టానిక్కులు పోసినా ఎక్కేది కాదు, ఒక పిల్లల డాక్టరు గారు "వాళ్ళ నాన్న ఏం చేస్తారు" అని అడిగారు, అప్పుడు బయటపడింది. బాబు ఎప్పుడూ షాపులో అడుగు పెట్టలేదు. చొక్కా, చెప్పులు, తలవెంట్రుకలు, బండి సీటు, వీటి మీద వచ్చిన దుమ్మే.

అన్నయ్యా, పుట్టబోయే పిల్లకి ఏమవుద్దో అని నిద్ర మానుకున్నారు, పుట్టి ఇంట్లో తిరుగుతున్న పిల్ల సంగతి ముందు చూడండి. పిల్లలకి మీ వీర్యం కన్నా మీ చొక్కా డేంజరు. పెద్దోళ్ళు మింగిన సీసంలో పదో వంతు ఒంట్లోకి వెళ్తే పిల్లలకి సగం దాకా వెళ్ళిపోద్దంట, మాకు డాక్టరు గారు అలా చెప్పారు, రక్తం తక్కువుంటే ఇంకా ఎక్కువ లాగుద్దంట. పైగా వాళ్ళు పాకేది నేల మీద, చెయ్యి పోయేది నోట్లోకి.

మేం ఏం చేశామో చెప్తా. ఆయన బట్టలు షాపులోనే మార్చుకుని, అక్కడే స్నానం చేసి, తల కూడా కడుక్కుని వచ్చేవారు. షాపులో స్నానానికి వీల్లేకపోతే పెరట్లోనో, వీధి కుళాయి దగ్గరో, గుమ్మం దాటకముందే. ఆ బట్టలు వేరే బకెట్లో, వేరేగా, దులపకూడదు, దులిపితే దుమ్మంతా గాల్లోకి లేస్తది. చెప్పులు బయట. ఇల్లు చీపురుతో ఊడవడం మానేసి తడిగుడ్డ పెట్టేదాన్ని. గోళ్ళు పొట్టిగా. అన్నం తినే ముందు సబ్బుతో చేతులు, ఆయనకీ బాబుకీ. పిల్లకి ఆకుకూరలు, బెల్లం, గుడ్డు, పాలు ఇవ్వండి, ఐరనూ కాల్షియమూ సరిపడా ఉంటే సీసం తక్కువ ఎక్కుద్దంట. కంటికి సుర్మా పెడితే మానండి, అందులో సీసమే ఉంటదంట, ఇంట్లో ఆముదం దీపంతో పట్టిన కాటుక వేరు. బాబుకి లెవెల్ మెల్లగా దిగింది, ఇప్పుడు బడికెళ్తున్నాడు, కొంచెం దూకుడు ఎక్కువ, అది సీసం వల్లో వాళ్ళ తాత పోలికో నాకు తెలీదు.

ఇంకోటి అడగాలి అక్కా, ఇది వేరే మాట. మా ఆడపడుచు బాలింత, సొర పుట్టు చేసి పెడుతున్నారు పాలు పడతాయని. చేపల్లో పాదరసం ఉంటదని అంటున్నారు కదా, పెట్టొచ్చా?

మీ అమ్మగారి సంగతి కూడా ఒక ముక్క. ఆ రిపోర్టు ఆవిడకి చూపించండి అన్నయ్యా. నాలుగేళ్ళు మాటలు పడింది మీ ఆవిడ.

ల్యాబ్ అక్క:

కోడలమ్మా, నేను చెప్పాల్సింది నా కన్నా బాగా చెప్పేశావు.

సొర పెద్ద చేప, చిన్న చేపల్ని తిని బతుకుతుంది, అందుకే వాటి పాదరసం అంతా దాని ఒంట్లో పోగవుతుంది. కడుపుతో ఉన్నవాళ్ళు, పాలిచ్చేవాళ్ళు సొర, కొమ్ము కోనాం లాంటివి తినొద్దనే చెప్తారు. చేపలే మానెయ్యక్కర్లేదు, కవళ్ళు, నెత్తళ్ళు, కానాగంతలు సుబ్బరంగా తినొచ్చు, పుట్టు వాటితో కూడా అవుతుంది. మా అమ్మ వింటే నన్ను తంతుంది గానీ నిజం అదే.

బుల్లోడూ, పుట్టే పిల్ల మీద తండ్రి సీసం ప్రభావం అడిగావు కదా. కొత్త భయం కాదిది, 1860లోనే ఫ్రాన్స్‌లో కాన్‌స్టాంటిన్ పాల్ అనే డాక్టరు గమనించాడు, తండ్రి ఒక్కడే సీసం పని చేసే ఇళ్ళల్లో కూడా గర్భాలు పోతున్నాయని. తర్వాత వచ్చిన స్టడీల్లో తండ్రికి లెవెల్ బాగా ఎక్కువున్నప్పుడు అబార్షన్లు, బరువు తక్కువ పుట్టడం కొన్నిట్లో కనపడ్డాయి, కొన్నిట్లో కనపడలేదు. ఎలుకల్లో అయితే తండ్రికిచ్చిన సీసం పిల్లల దాకా వెళ్ళడం చూశారు. తల్లి వైపు నుంచి మాత్రం ఏ అనుమానమూ లేదు, సీసం మాయ దాటి బిడ్డకి నేరుగా వెళ్తుంది, పైగా కడుపుతో ఉన్నప్పుడు కాల్షియం కోసం ఎముకలు కరిగితే అందులో దాచుకున్న సీసం కూడా బయటికొస్తుంది. అందుకే మీ ఆవిడకి టెస్ట్ అన్నాను. నీ బట్టలు ఉతికేది ఎవరు మరి.

పాత యూనియన్ బాబాయ్:

బాబూ, మందుల సంగతి ఆ అమ్మాయి చెప్పింది, నేను కాయితాల సంగతి చెప్తా. సీసం వల్ల వచ్చే జబ్బు ఫ్యాక్టరీల చట్టం 1948లో మూడో షెడ్యూల్లో మొట్టమొదటి పేరుగా ఉండేది, 2025 నవంబరులో ఆ చట్టం బదులు కొత్త లేబర్ కోడ్ వచ్చింది. ఫ్యాక్టరీ పనివాడికి అది ఉందని డాక్టరుకి తెలిస్తే చీఫ్ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ ఫ్యాక్టరీస్‌కి రాతపూర్వకంగా తెలపాలని ఆ పాత చట్టంలో సెక్షన్ 89 చెప్పేది. ఈఎస్ఐ (కార్మికుల బీమా) పాత చట్టంలో కూడా వృత్తి జబ్బుల లిస్టులో ఉండేది. నీకు ఈఎస్ఐ కార్డుందా చూసుకో, ఉంటే వైద్యం, సెలవు జీతం అన్నిటికీ దారుంటది. మీది నలుగురైదుగురి షెడ్డయితే ఫ్యాక్టరీ కింద రాకపోవచ్చు, అప్పుడు కూడా రిపోర్టు కాయితం మాత్రం జాగ్రత్తగా పెట్టుకో. పాత బ్యాటరీ ఎక్కడపడితే అక్కడ కోసి కరిగించడం కూడా రూల్ ప్రకారం కుదరదు, 2001 నుంచే బ్యాటరీలకి రూల్స్ ఉన్నాయి, 2022లో కొత్తవి వచ్చాయి, రిజిస్టరైన రీసైక్లర్‌కే ఇవ్వాలి.

ఇంకో మాట. నీతో పనిచేసేవాళ్ళని అడుగు, ఎంతమందికి పెళ్ళైంది, ఎంతమందికి పిల్లలున్నారని. సిగ్గుపడకు. 1977లో కాలిఫోర్నియాలో ఒక పురుగుమందుల ఫ్యాక్టరీలో మగాళ్ళు ఇలాగే ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకుని మనలో ఎవరికీ పిల్లలు పుట్టట్లేదేంటని అనుమానపడ్డారు, టెస్టులు చేస్తే డీబీసీపీ అనే పురుగుమందు వల్ల కౌంట్లు పడిపోయాయని తేలింది, అమెరికాలో దాన్ని ఆపించేశారు. అది లోహం కాదనుకో. కానీ డాక్టర్లు కాదు, పనివాళ్ళే పట్టుకున్నారు. మన దగ్గర మగాడు ఈ మాట నోరు తెరిచి అనడు, పెళ్ళాన్ని గుళ్ళ చుట్టూ తిప్పుతాడు.

గాజువాక బుల్లోడు:

రిజల్ట్స్ వచ్చాయండి. నాది 47. మా ఆవిడది 9. పాపది 14. మా అన్నయ్య మొహం చూడలేకపోయా, ఆయన ఏమీ అనలేదు, వదిన మాత్రం ఆ సాయంత్రమే నా బట్టల బకెట్ పెరట్లో పెట్టింది. అమ్మకి కూడా చెప్పేశా, రిపోర్టుతో సహా. మాట్లాడలేదు, తర్వాత మా ఆవిడకి తనే కాఫీ కలిపిచ్చింది, అంతే.

షాపులో ఇంకో అన్న కూడా టెస్ట్ చేయించాడు, ఆయనది 58 వచ్చింది, ఆయనకి చెయ్యి మణికట్టు దగ్గర పట్టు తప్పుతోంది. ఓనరు కాయితాలు చూసి కంగారుపడ్డాడు, నన్ను ఛార్జింగ్ సెక్షన్‌లోకి, కౌంటర్‌లోకి మార్చాడు, ఆ అన్నని పెద్దాసుపత్రికి పంపాడు. వెరికోసిల్ లేదన్నారు నాకు. ఇప్పుడు 47 అంటే ఇంజెక్షన్లు పెట్టి సీసం బయటికి లాగించాలా? ఎవరో డిటాక్స్ ప్యాడ్లు కాళ్ళకి అంటిస్తే నల్లగా దిగిపోద్దని చెప్తున్నారు. పాపకి మందులేమైనా ఉన్నాయా? మేం పిల్లల కోసం ఎప్పట్నించి ట్రై చెయ్యొచ్చు?

ల్యాబ్ అక్క:

కాళ్ళకి అంటించే ప్యాడ్లు చెమటకే నల్లబడతాయి, నీళ్ళు చల్లినా నల్లబడతాయి. వదిలెయ్.

సీసాన్ని బయటికి లాగే మందులు ఉన్నాయి, చీలేషన్ అంటారు, కానీ వాటికి వాటి సైడ్ ఎఫెక్టులు ఉన్నాయి, నీ లెవెల్ దగ్గర పెద్దవాళ్ళకి మామూలుగా ఇవ్వరు. అసలు మందు సీసం నుంచి దూరం జరగడమే, అది చేశావు. పనిలో ఉంటూ ఇంజెక్షన్లు పెట్టించుకోవడం అంటే ఒకవైపు తోడుతూ ఇంకోవైపు పొయ్యడమే. 58 వచ్చి చెయ్యి పట్టు తప్పుతున్న అన్న సంగతి వేరు, ఆయన విషయం డాక్టర్లే చూడాలి, ఆలస్యం చెయ్యొద్దు. పోలికకి చెప్తున్నా, అమెరికాలో 1978 రూలు ప్రకారం సగటున 50 వస్తే ఆ పని నుంచి తప్పించి, 40 కిందకి దిగేదాకా మళ్ళీ పెట్టకూడదు. ఆ రూల్లోనే పిల్లలు కావాలనుకునేవాళ్ళు, మగైనా ఆడైనా, 30 లోపు ఉండాలని రాశారు. అది కూడా పాతకాలం నంబరే, ఇప్పుడు ఎంత తగ్గితే అంత మంచిదంటున్నారు.

పాపకి 14 అంటే మందులిచ్చే లెవెల్ కాదు, పిల్లలకి 45 దగ్గర ఆలోచిస్తారు. అలాగని వదిలేసేదీ కాదు, పిల్లలకి ఇంత వరకు ఫర్వాలేదు అనే లెవెలే లేదని డబ్ల్యూహెచ్‌ఓ అంటుంది, అమెరికాలో 3.5 వస్తే చాలు ఎక్కడి నుంచి వస్తోందో వెతకమంటారు. మీకు ఎక్కడి నుంచో తెలుసు కాబట్టి సగం పని అయింది. పిల్లల డాక్టర్‌కి చూపించి ఐరన్ చెక్ చేయించండి, ఒకట్రెండు నెలలాగి మళ్ళీ టెస్ట్. బండి సీటు, చాప, బొమ్మలు కూడా తడిగుడ్డతో తుడవండి.

మీ ఇద్దరి సంగతి. మీ ఆవిడకి 9 అంటే తనూ తగ్గించుకోవాలి, కాల్షియం, ఐరన్ డాక్టరమ్మ రాస్తుంది, నీ బట్టలు ఇక నువ్వే ఉతుక్కో. నీకు నెలకోసారి రక్తం చూపించు, 30 కిందకి దిగాక అక్కడి నుంచి మూడు నెలల తర్వాత వీర్యం టెస్ట్ మళ్ళీ ఇవ్వు. అప్పటిదాకా జాగ్రత్త పడండి, డాక్టరమ్మకి ఈసారి పని సంగతి చెప్పి ఆవిడ ఏమంటే అది. 32 పెద్ద వయసు కాదు, మీ ఆవిడ వయసు కూడా చూసుకుని ఆవిడ చెప్తుంది ఎంత ఆగొచ్చో. అప్పటికీ కౌంట్ లేవకపోతే ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి ఎక్కించడం), ఇక్సీ (ల్యాబ్‌లో ఒక్క స్పెర్మ్‌ని అండంలోకి ఎక్కించడం) లాంటివి ఉన్నాయి, అది తర్వాత మాట.

సింధియా వెల్డర్:

బుల్లోడా, మళ్ళీ ఎప్పుడైనా పొయ్యి దగ్గరకి పంపితే కర్చీఫ్‌తో వెళ్ళకు. ఆటోనగర్‌లో సేఫ్టీ సామాన్ల షాపుల్లో రబ్బరు హాఫ్ మాస్క్ దొరుకుద్ది, దానికి పీ100 ఫిల్టర్లు అడుగు, సన్నటి పొగని ఆపే రకం అవి, గులాబీ రంగులో ఉంటాయి ఎక్కువగా. కరోనా నాటి సర్జికల్ మాస్కులు దీనికి పనికిరావు. ముఖానికి గట్టిగా అతుక్కోవాలి, గడ్డం ఉంటే అతుక్కోదు, సందుల్లోంచి పొగ వచ్చేస్తది.

గాజువాక బుల్లోడు:

అన్నా కార్తీకంలో మాల వేసుకుంటా ప్రతి ఏడాది, గడ్డం తియ్యకూడదు కదా మరి?

సింధియా వెల్డర్:

ఓనరుకి ఇప్పుడే చెప్పెయ్, ఆ 41 రోజులూ కౌంటర్‌లోనే కూర్చుంటానని. స్వామి అంటే కాదనడులే.